రెండో బ్రేకు

మా ఆయన్ని ఊళ్ళో అందరూ బ్రేకు మాస్టారంటారు. ఎదురుగా అనరు, వెనకాల అంటారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు, తెలియనట్టుంటారు.

డ్రైవింగ్ స్కూలు కారెక్కినవాళ్ళకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. స్టీరింగు పట్టుకున్నవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు ఉంటుంది, పక్క సీట్లో కూర్చునే మాస్టారి కాలి కింద రెండోది ఉంటుంది. ప్రమాదం ముంచుకొస్తే తొక్కడానికి పెట్టింది అది. మా ఆయన ప్రమాదం వచ్చేదాకా ఆగే మనిషి కాదు. రోడ్డు పక్కన కుక్క నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటే చాలు, అది రోడ్డు దాటాలా వద్దా అని ఆలోచించుకునేలోపే మన కారు ఆగిపోయేది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో దేన్నయినా గుద్దినవాళ్ళు ఒక్కరూ లేరు. గుద్దనిస్తేగా!

పెళ్ళయిన కొత్తలో నాకూ నేర్పబోయారు. నా కాలు బ్రేకు మీదకి వెళ్ళేలోపే ఆయన కాలు వెళ్ళిపోయేది. ఊరు సగం తిరిగాక, "అంత సరదాగా ఉంటే మీరే నడుపుకోండి" అని దిగి, నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. అప్పట్నించీ నీళ్ళ ఆఫీసుకి నా ప్రయాణం బస్సులోనే. అక్కడ ఫిర్యాదుల ఫోను నాది. కుళాయి రానివాళ్ళూ, పైపు పగిలి వంటిల్లు చెరువైనవాళ్ళూ పొద్దుట్నించీ నా చెవిలో అరుస్తారు. ఇంటికొస్తే ఈయన అరుపులు.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా ఆ అరుపులు బొంగురుపోయాయి. నేర్చుకునేవాళ్ళ మీద కేకలేసి కేకలేసి గొంతు అలిసిపోయిందనుకున్నాం. ఉప్పునీళ్ళు పుక్కిలింపించాం, కషాయాలు తాగించాం, నోటికి సెలవివ్వమని బతిమాలాను. ఏదీ పని చెయ్యలేదు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ సన్నటి గొట్టం వేసి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. స్వరపేటిక మీద క్యాన్సర్.

"మొదట్లోనే దొరికింది. కిరణాలతో పోతుంది," అంది డాక్టరమ్మ. "ఎండాకాలమంతా రోజూ రావాలి, ఆదివారాలు సెలవు. నొప్పేమీ ఉండదు. ఒక్కటే, కొద్దిసేపు కదలకుండా పడుకోవాలి."

"అంతేనా!" అన్నారు మా ఆయన.

నేనూ అంతేనా అనే అనుకున్నాను.

కదలకుండా పడుకోవడానికి ఒక ముసుగు చేస్తారు. జల్లెడలా చిల్లులున్న ప్లాస్టిక్ రేకుని వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక మొహం మీదా మెడ మీదా పరిచి అదుముతారు. ఆరితే అచ్చు మన మొహమే. ఆ ముసుగు చేసేటప్పుడు ఆయన బాగానే ఉన్నారు. వేడి తువ్వాలు కప్పినట్టుంది, మంగలి షాపు గుర్తొస్తోందని జోకులు కూడా వేశారు. మర్నాడు అదే ముసుగు మొహాన పెట్టి అంచుల్ని బల్లకి బిగించారు. టక్, టక్, టక్. మిషను నడిపే అమ్మాయి బయటికొచ్చి మందపాటి తలుపు వేసింది. నేను ఆ అమ్మాయి వెనకే నిలబడి టీవీ తెరలో చూస్తున్నాను. తలుపు మూసుకుందో లేదో, మా ఆయన రెండు చేతులూ గాల్లోకి లేచాయి. ముసుగుని పీకెయ్యబోతున్నారు.

రెండోరోజూ అంతే. మూడోరోజు భయం తగ్గడానికి మాత్ర ఇచ్చి పడుకోబెట్టారు. మాత్రకి ఒళ్ళు మత్తుగా తూగింది గానీ, ఆ టక్ మన్న చప్పుడు వినగానే మనిషి మేలుకున్నాడు. చేతులెత్తేశారు, ఆ మాటకున్న రెండర్థాల్లోనూ.

డాక్టరమ్మ మమ్మల్ని గదిలోకి పిలిచింది. మంచి మనిషే, కానీ నీళ్ళు నమిలే రకం కాదు. "సోమవారం ఇంకోసారి చూద్దాం. అప్పటికీ కుదరకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి."

"ఆపరేషన్లో ఏం చేస్తారు?" అన్నాను.

"స్వరపేటిక తీసేస్తాం. ప్రాణానికి ఢోకా ఉండదు. మాటే..." అని ఆయన వైపు చూసింది.

ఆ గొంతుతో ఎన్ని గొడవలు పడ్డానో నాకే తెలుసు. అది లేని ఇల్లు మాత్రం ఊహకి కూడా అందలేదు.

ఇంటికి వెళ్ళే బస్సులో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అటే చూస్తూ అన్నారు. "ఊపిరాడక కాదే. ఊపిరి బాగానే ఆడుతుంది."

"మరి?"

"అక్కడ ఆపడానికి ఏమీ లేదు."

ముందు సీట్లో డ్రైవరు బ్రేకు వేశాడు. మా ఆయన కుడికాలు నేలని నొక్కింది. బస్సెక్కినా ఆయన కాలు ఊరుకోదు.

శనివారం మమ్మల్ని ఊరికే రమ్మంది మిషనమ్మాయి. నేను మనసులో పెట్టుకున్న పేరది. వయసులో చిన్నదే గానీ ఓపికలో పెద్దముత్తయిదువ. ముసుగు లేకుండా ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఫోన్లో ఏదో పెట్టింది. తియ్యటి గొంతు ఒకటి మొదలెట్టింది. మీరు సముద్రపు ఒడ్డున నడుస్తున్నారు, కాళ్ళ కింద మెత్తటి ఇసుక, అలలు మీ వైపు వస్తున్నాయి, ఇంకా దగ్గరికొస్తున్నాయి...

మా ఆయన లేచి కూర్చున్నారు. "ఎండలో చెప్పుల్లేకుండా ఇసుకలో ఎవడు నడుస్తాడమ్మా? పైగా అలలొచ్చేస్తున్నాయంటోంది. వాటినెవడాపుతాడు?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. "సరే సార్, అందరికీ సముద్రం పడదు. ఆంటీ, ఆయనకేది పడుతుందో మీరే కనిపెట్టాలి. ఇంట్లో పడుకోబెట్టి, మొహం మీద చిల్లులున్నదేదైనా పెట్టి అలవాటు చెయ్యండి. పీల్చే ఊపిరి కన్నా వదిలే ఊపిరి పొడుగ్గా ఉండాలి. ఆయన మనసుకి తెలిసిన చోటికి తీసుకెళ్ళండి."

చిల్లులున్నది మా ఇంట్లో ఒకటే, పిండి జల్లెడ. ఆదివారం భోజనాల బల్ల ఖాళీ చేసి, దుప్పటి పరిచి ఆయన్ని పడుకోబెట్టాను. మొహం మీద జల్లెడ బోర్లించి, జారకుండా తువ్వాలుతో బల్లకి కట్టాను. ఊపిరి పీల్చండి, మెల్లగా వదలండి అంటున్నాను. సరిగ్గా అప్పుడే పక్క వీధిలో ఉండే మా వదినగారు, అంటే ఆయన అక్కగారు, తమ్ముణ్ణి చూసిపోదామని లోపలికొచ్చారు.

"అయ్యో అయ్యో! ఎండకి నీకేమైనా అయిందా మరదలా? మా తమ్ముడి మొహాన జల్లెడేమిటే!"

విషయమంతా చెప్పాను. కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఆ వెంటనే, ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి కదా, "మరి మిషను చప్పుడు ఉండొద్దూ? చప్పుడు లేకపోతే ఏం అలవాటవుతుంది?" అని కుర్చీ లాక్కుని తమ్ముడి తల దగ్గర కూర్చుని గుర్ర్ర్ మంటూ మొదలెట్టారు.

ఆయన చేతులు జల్లెడ మీదికి పోవడం చూశాను. లేవబోతున్నారు. నాకు గాభరా పుట్టింది. గాభరా పుట్టినప్పుడు నాకు చేతనైంది ఒకటే, ఆఫీసు గొంతు. పైపు పగిలిందని అరిచేవాళ్ళకి కంగారు పడొద్దండీ అంటే ఇంకా అరుస్తారు. వాల్వు దగ్గరికి వెళ్ళండి, కుడివైపు తిప్పండి, ఎంత తిరిగిందో చెప్పండి అంటే సద్దుమణుగుతారు. భయపడేవాళ్ళకి చేతికి ఏదో ఒక పనివ్వాలి. ఈయనకి ఏ పనివ్వను?

"మనం కారులో ఉన్నాం," అన్నాను. "నేను నడుపుతున్నాను."

చేతులు ఆగాయి. "నువ్వా?"

"నేనే. సీటు ముందుకి జరుపుకున్నాను."

"అద్దం?"

"సరిచేసుకున్నాను. తాళం తిప్పాను. క్లచ్ తొక్కి ఫస్ట్ గేరు వేశాను. బయల్దేరాం."

"హ్యాండ్ బ్రేకు తియ్యకుండానే?"

వదినగారి గుర్రు మధ్యలో ఒక క్షణం తెగింది. "తీశాను," అని అబద్ధమాడి ముందుకి పోనిచ్చాను. నాకు తెలిసిన రోడ్డు ఒకటే, ఆఫీసు రోడ్డు. మా వీధి చివర ఎడమకి తిప్పాను. బట్టల కొట్టు దాటాను. మందుల షాపు దగ్గర ఆపాను.

"ఎందుకాపావు?"

"స్టాపు కదండీ."

ఇంకాస్త పోనిచ్చి బడి దగ్గర మళ్ళీ ఆపాను.

జల్లెడ కిందనించి ఆ బొంగురు గొంతు అడిగింది. "నువ్వు నడిపేది కారా, బస్సా?"

మా వదినగారు నవ్వలేక కుర్చీలోంచి కిందకి జారిపోయారు. మిషను ఆగిపోయింది. నేను మాత్రం ఆగలేదు. కిటికీలోంచి ఇన్నేళ్ళూ చూసిన దుకాణాలన్నీ చెప్పుకుంటూ నీళ్ళ ఆఫీసు గేటు దాకా నడిపాను. అక్కడికి చేరేసరికి జల్లెడ ఇంకా ఆయన మొహం మీదే ఉంది. ఆయన దాన్ని మర్చిపోయి నా గేర్ల గురించి సణుగుతున్నారు.

సోమవారం డాక్టరమ్మని అడిగితే, బయట్నించి లోపలివాళ్ళతో మాట్లాడే మైకు దగ్గర నన్ను కూర్చోనివ్వడానికి ఒప్పుకుంది. ముసుగు బిగించారు. తలుపు మూసుకుంది. మైకు బటన్ నొక్కి మిషనమ్మాయి నాకు సైగ చేసింది.

"బయల్దేరాం," అన్నాను.

ఆయన చేతులు లేవలేదు. బట్టల కొట్టు దాటాం. ఈసారి మందుల షాపు దగ్గర ఆపలేదు. తెరలో ఆయన ఛాతీ మెల్లగా లేచి దిగుతోంది. నాకు కొండంత ధైర్యమొచ్చింది. ఆ ధైర్యంలోనే నోరు జారాను. "బడి మలుపు తిరుగుతున్నాం, అబ్బో, పిల్లలు రోడ్డు మీదికొచ్చేశారు..."

ఆయన కుడికాలు బల్ల మీంచి ఎగిరింది. ఆ తొక్కడంలో నడుం దాకా కదిలింది. అమ్మాయి చటుక్కున మిషను ఆపేసింది.

తలుపు తెరుచుకుని లోపలికి వెళ్ళాం. అమ్మాయి ముసుగు విప్పింది. ఆయన మొహంలో తప్పు చేసిన పిల్లాడి చూపు. "పిల్లలడ్డం వచ్చారు కదా మరి," అన్నారు.

"కాలు కదిలితే నడుం, నడుం కదిలితే భుజాలు," అంది అమ్మాయి. "గొంతు దారమంత పక్కకి జరిగినా నేను కిరణం వెయ్యలేను సార్."

నాకు ఏడుపొచ్చింది. సోమవారం ఇదే. ఇంకో సోమవారం లేదు. "ఇక్కడ మీకు బ్రేకు లేదండీ," అన్నాను. "ఎలా చెప్పను మీకు?"

"నేనూ అదే కదా చెప్తున్నాను," అన్నారాయన.

మిషనమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "లేదని ఎవరన్నారు? సార్, మీ కుడిచెయ్యి తొడ మీద ఉంటుంది. వేళ్ళు పైకెత్తండి చాలు, మిషను ఆగుతుంది. మొదటిరోజు చెప్పాను, మీరు విన్లేదు. పరీక్షించుకుంటారా?"

ఆ మాటతో ఆయన కళ్ళలో వెలుగొచ్చింది. అమ్మాయి బయటికొచ్చి, కిరణం లేకుండా ఊరికే మిషను చేతిని ఆయన చుట్టూ తిప్పడం మొదలెట్టింది. ఆయన వేళ్ళెత్తారు. ఆగింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఎత్తారు. ఆగింది. కొత్త కారు కొనేముందు ఎంత సతాయిస్తారో అంత సతాయించి, తనివి తీరాక తలాడించారు.

"కాలికి కూడా దాని పని ముందే ఇచ్చేద్దాం," అంది అమ్మాయి నాతో. "కండరాన్ని బాగా బిగించి వదిలేస్తే, దానంతటదే మెత్తబడుతుంది. ఎలా చెప్తారో మీ ఇష్టం."

ఎలా చెప్పాలో నాకు తెలిసింది.

మళ్ళీ ముసుగు, మళ్ళీ టక్ టక్. తలుపు మూసుకుంది. మైకు ముందుకి వంగాను. "బ్రేకు తొక్కండి," అన్నాను. "పూర్తిగా. నేల దాకా. ఇంకా గట్టిగా."

తెరలో ఆయన పాదం బిగుసుకుంది. పిక్క రాయి అయింది.

"ఇప్పుడు మెల్లగా వదలండి. ఊపిరి కూడా వదలండి. ఇంకా. ఇంకా కొంచెం. పాదం పక్కకి వాలిపోనివ్వండి. బండి నా చేతిలో ఉంది."

పాదం పక్కకి వాలింది.

బయల్దేరాం. ఈసారి నోరు దగ్గర పెట్టుకున్నాను. ఏదొచ్చినా ముందే చెప్పాను. "దూరంగా బడి మలుపుంది. పిల్లలుంటారు, నాకు తెలుసు. ఇక్కణ్ణించే వేగం తగ్గిస్తున్నాను. ఆపాను. దాటుతున్నారు. ఆఖరి పిల్ల కూడా దాటింది. మీ కాలు మీ దగ్గరే ఉంచండి." మేజోడులో బొటనవేలు ఒక్కసారి అదిరింది. నా గుండె కూడా అదిరింది. వేలు మళ్ళీ పడుకుంది. చెరుకురసం బండి, తపాలా ఆఫీసు, రైలు గేటు. గేటు పడి ఉందన్నాను. ఎదురుచూశాం. రైలు వెళ్ళింది. గేటెత్తారు.

అమ్మాయి నా భుజం తట్టింది. "అయిపోయింది ఆంటీ."

"ఎలా అయిపోతుంది? ఇంకా నీళ్ళ ట్యాంకు మలుపు ఉంది," అన్నాను.

ఆయన బయటికొచ్చారు. మొహం నిండా జల్లెడ గళ్ళు అచ్చుపడి ఉన్నాయి. నా ముందు నిలబడి, వేలు చూపించి, ఉన్న కాస్త గొంతుతో అన్నారు. "తపాలా ఆఫీసు దగ్గర మూడో గేర్లో తిప్పావు."

నేను ఆసుపత్రి వరండాలో అందరి ముందూ ఏడ్చాను. నవ్వుతూనే ఏడ్చాను.

ఆ తర్వాత రోజులు పరిగెత్తాయి. నా బస్సు రోడ్లు అయిపోయాయి. పొద్దున్నే బస్సులో ఆయన కొత్త దారి చెప్పేవారు, బల్ల మీద పడుకున్నాక నేను ఆ దారిన నడిపేదాన్ని. కొండ ఎక్కాం. వంతెన దాటాం. సంతరోజున ఎద్దుబండి వెనక ఇరుక్కుని హారన్ కొట్టకుండా ఓపిక పట్టాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా తప్పులన్నీ వరసగా అప్పజెప్పేవారు. బస్సు డ్రైవర్లు కూడా చెవులు రిక్కించి వినేవారు.

మిషనమ్మాయి సముద్రాన్ని పక్కన పెట్టేసింది. ఎవరు భయపడ్డా ముందు అడిగేది, మీరేం పని చేస్తారండీ అని. ఒక ఇస్త్రీ ఆవిడ పడుకున్నంతసేపూ చొక్కాలకి మడతలు తీసేది, ముందు కాలరు, తర్వాత చేతులు. ఒక పెద్దపంతులమ్మ మనసులో హాజరు పిలిచేవారు. ఒక చేపలాయనకి మాత్రం సముద్రమే కావాల్సొచ్చింది. భయపడేవాళ్ళకి మా కథ చెప్పమని డాక్టరమ్మ నన్ను అప్పుడప్పుడు హాల్లో కూర్చోబెట్టేది. ఆఫీసులో అరిచేవాళ్ళ దగ్గర అరిగిపోయిన గొంతు ఇన్నాళ్ళకి మర్యాద సంపాదించుకుందని మా వదినగారితో గొప్పలు చెప్పాను. "నా మిషను చప్పుడు మర్చిపోయావా?" అన్నారావిడ. ఆవిడ వాటా ఆవిడకిచ్చాను.

డ్రైవింగ్ స్కూలు ఆ వేసవికి మూసేశాం. కారు ఇంటి ముందు ఊరికే పడుంది. ఒకరోజు ఆయన దాని వైపు చూసి గుసగుసగా అన్నారు. "మైకులో నడిపితే చాలదు. నీ క్లచ్ మీద నాకు నమ్మకం లేదు."

ధాన్యం గోదాముల వెనక ఖాళీ మైదానంలో పొద్దున్నే మొదలెట్టాం. నేను తిప్పడమేమిటి, ఆయన కాలు పడ్డమేమిటి. కారు కప్పగంతులేసింది. రెండు చక్కర్లు ఓర్చుకున్నాను. మూడో చక్కర్లో బండి నిలిపి, ఇంజను ఆపేసి, ఆయన వైపు తిరిగాను. "బ్రేకు తొక్కండి," అన్నాను. "పూర్తిగా. నేల దాకా. ఇప్పుడు మెల్లగా వదలండి."

ఆయన నావైపు చూశారు. అప్పటికి గొంతులోంచి మాట రావడం మానేసింది, కిరణాలకి లోపలంతా పుండైపోయింది. చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వి, పాదం తీసి పక్కన పెట్టారు. నేను మైదానం చుట్టూ తిప్పాను. ఆ పాదం తిరిగి బ్రేకు మీదకి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు గానీ, వెళ్ళినన్నిసార్లూ ఆయనే దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు.

ఎండలు మండిపోతున్న ఒక పొద్దున ఆయన మంచం దిగలేదు. మెడ చర్మం కమిలి నల్లబడింది. మంచినీళ్ళ గుటక కూడా ముళ్ళు మింగినట్టుందని ముందురోజు సైగలతో చెప్పారు. నేను చీర కట్టుకుని వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని, చెయ్యి అడ్డంగా ఊపారు. రానని.

బతిమాలాను. చేతులు పట్టుకున్నాను. వదినగారొచ్చి ఏడ్చారు. మధ్యలో మానేస్తే చేసిందంతా వృథా అని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుచేశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. బ్రేకు వేసేశారు, బండి ఇక కదలదు.

నేను బయటికొచ్చాను. బల్ల మీద కారు తాళాలున్నాయి. తీసుకున్నాను. డ్రైవరు సీట్లో కూర్చుని, సీటు ముందుకి జరుపుకుని, అద్దం సరిచేసుకున్నాను. ఇంజను స్టార్ట్ చేసి, వీధంతా వినబడేలా హారన్ కొట్టాను.

"ఏం చేస్తున్నావే?" అని అరిచారు వదినగారు గుమ్మంలోంచి.

"ఆసుపత్రికి వెళ్తున్నాను," అన్నాను అంతకన్నా గట్టిగా. "ఆయన రాకపోతే మానె. నేనొక్కదాన్నే పెద్దరోడ్డు మీంచి పోతాను!"

ఫస్ట్ గేరు వేశాను. హ్యాండ్ బ్రేకు తియ్యలేదు, కావాలనే తియ్యలేదు. ఇంజను గింగిర్లు తిరుగుతూ మూలిగింది. ఆ మూలుగు లోపలున్న మనిషి చెవిన పడింది. తన కారు ఏడుస్తుంటే మంచంలో పడుకోగల మగాడు కాదు మా ఆయన. చెప్పుల్లేకుండా, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చి పక్క సీట్లో పడి తలుపేసుకున్నారు. చేత్తో హ్యాండ్ బ్రేకు చూపించారు. కళ్ళు చింతనిప్పులు.

"తీస్తున్నాను లెండి," అన్నాను.

అదే నా మొదటి పెద్దరోడ్డు. బస్సులు, లారీలు, ఎవడో సైకిలు మీద నిచ్చెన అడ్డంగా పెట్టుకుని పోతున్నాడు. ముందే చూశాను, ముందే తగ్గించాను, ముందే ఆపాను. బల్ల మీద పడుకున్న మనిషికి రోజూ చెప్పినవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. ఆసుపత్రి గేట్లోకి తిప్పి ఆపాక చూస్తే ఆయన పాదాలు రెండూ సీటు దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి, చెప్పుల్లేని పాదాలు. తలుపు తీసుకుని దిగి, నాకోసం ఆగకుండా, తనంతట తానే లోపలికి నడిచి బల్ల మీద పడుకున్నారు. ఆ రోజు మైకులో ఏ దారీ చెప్పలేకపోయాను. ఊపిరి వదలండి, ఊపిరి వదలండి అని మాత్రమే అన్నాను. అదే సరిపోయింది.

ఆఖరి రోజున మిషనమ్మాయి ముసుగుని మా చేతికిచ్చింది. చాలామంది పారేస్తారట, కొందరు తొక్కి మరీ పారేస్తారట. మా ఆయన దాన్ని కారు వెనక సీట్లో నిటారుగా కూర్చోబెట్టి బెల్టు పెట్టారు.

తొలకరి పడ్డాక పిలిచారు మమ్మల్ని. డాక్టరమ్మ సన్నటి గొట్టం వేసి చూసింది. చాలాసేపు చూసింది. నా కుడికాలు నేలని తొక్కి పెట్టింది, ఏ బ్రేకు అనుకుందో ఏమో. ఆవిడ గొట్టం తీసేసి కుర్చీ వెనక్కి జరిపింది.

"శుభ్రంగా ఉంది మాస్టారూ," అంది. "మీ గొంతు మీదే."

మిషనమ్మాయి తలుపు దగ్గరే నిలబడి వింటోందని అప్పుడే చూశాను. వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆయన ఏదో అనబోయారు. గుసగుసే వచ్చింది. "తొందరపడకండి, మెల్లగా వస్తుంది," అంది డాక్టరమ్మ.

ఇంటికి నేనే నడిపాను. ముందూ వెనకా నేర్చుకునేవాళ్ళ ఎర్ర బోర్డు ఇంకా ఉంది. వాన సన్నగా మొదలై, రైలు గేటు దగ్గరికొచ్చేసరికి కుండపోతైంది. గేటు పడి ఉంటే ఆపాను. అద్దం తుడిచే పుల్లలు చాలడం లేదు. ఇంత వానలో ఎప్పుడూ నడపలేదు, ఎలా పోనివ్వాలండీ అని అడగబోయి ఆయన వైపు చూశాను.

నిద్రపోతున్నారు. తల పక్కకి వాలింది, నోరు కాస్త తెరుచుకుంది. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని ఆయన ఎన్నడూ కన్ను మూసి ఎరగరు, అది ఊరంతటికీ తెలుసు. వంగి కిందకి చూశాను. రెండో బ్రేకు ఒంటరిగా ఉంది. ఆయన పాదం దానికి దూరంగా, చాప మీద పక్కకి వాలి ఉంది.

నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. గేటెత్తారు. ముందే చూసుకుంటూ, ముందే తగ్గించుకుంటూ, ఒక్క కుదుపు లేకుండా ఆ వానలో ఊరు దాటించి, బడి మలుపు రెండో గేర్లో తిప్పి, మా వీధిలోకి తెచ్చాను. ఇంటి గోడ పక్కగా పెట్టి ఆపాను.

మా వదినగారు గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చారు. అద్దంలోంచి తమ్ముడి వాలిన తల చూసి ఆవిడ మొహం పాలిపోయింది. "ఏమయిందే? ఏమన్నారే డాక్టరు?"

నేను పెదవుల మీద వేలు పెట్టి, మెల్లగా అన్నాను. "శుభ్రంగా ఉందట. నిద్రపోయారు."

"నువ్వు నడుపుతుంటేనా?" అన్నారావిడ. గొడుగు చేతిలోంచి జారిపోయింది.

ఆ చప్పుడుకి ఆయన కళ్ళు తెరిచారు. ఇల్లు చూశారు, వాన చూశారు, నన్ను చూశారు. తలుపు తీసి, తల బయటికి పెట్టి, చక్రానికీ గోడకీ మధ్య ఎంత దూరముందో చూశారు. గొంతు సవరించుకున్నారు. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.

"ఇంకో జానెడు దగ్గరగా పెట్టొచ్చు!"

గొంతు కాస్త గరగరలాడింది గానీ, వానని దాటుకుని వీధి చివరిదాకా వినబడింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. నేను మళ్ళీ స్టార్ట్ చేసి, వెనక్కి తీసి, ఇంకో జానెడు దగ్గరగా పెట్టాను.